నడుముకి సూదా, ఆపరేషనా: అమ్మగారి రిపోర్టు గురించి అడిగారు కదా

మీరు రాసింది మొత్తం రెండు సార్లు చదివా. అమ్మగారికి 64, హైదరాబాద్ ఉప్పల్లో మీతోనే ఉంటారు, పదేళ్ళ పైనుంచి షుగర్, నడుము నొప్పి, రెండు కాళ్ళలో తిమ్మిర్లు, ఎమ్మారైలో నడుము కింది పూసలు ఎల్4-ఎల్5 దగ్గర కెనాల్ స్టెనోసిస్, అంటే నరాల దారి ఇరుకవడం, గ్రేడ్ 1 లిస్తెసిస్, అంటే ఒక పూస కొంచెం జరగడం, అని వచ్చింది. ఒక డాక్టరు ఎపిడ్యూరల్ ఇంజెక్షన్, అంటే వెన్నులో నరాల పక్కన ఇచ్చే స్టెరాయిడ్ సూది, చాలన్నారు, ఇంకొకాయన స్క్రూలు వేసి ఆపరేషన్ చేయాల్సిందే అన్నారు, మధ్యలో మీ మేనమామ వెన్నుపూస మీద కత్తి పెడితే కాళ్ళు పడిపోతాయని గొడవ. ఇద్దరు డాక్టర్లలో ఎవరు కరెక్టు అని మీ ప్రశ్న.

ముందు నా సంగతి చెప్పేస్తా, ఎందుకంటే ఈ విషయంలో చెప్పేవాడు ఏ పని చేసి బతుకుతాడో తెలియకుండా సలహా తీసుకోకూడదు. నేను మత్తు డాక్టర్ని. పద్నాలుగేళ్ళు థియేటర్లో స్పైన్ కేసులకి మత్తు ఇచ్చా, తలవైపు కూర్చుని సర్జన్లు ఎముక గీకడం, స్క్రూలు వేయడం రోజూ చూశా. తర్వాత పెయిన్ క్లినిక్ వైపు వచ్చా, తొమ్మిదేళ్ళుగా మీరు అడుగుతున్న ఈ ఇంజెక్షన్లే ఇస్తున్నా. అంటే రెండువైపులా ఉప్పు తిన్నవాణ్ణి. అయినా ఇప్పుడు నా ఇల్లు గడిచేది సూది మీదే కాబట్టి అటు కొంచెం మొగ్గు ఉంటుంది, అది మనసులో పెట్టుకునే చదవండి.

నాకైతే ఇద్దరూ కరెక్టే అయ్యుండొచ్చు అనిపిస్తోంది. ఎందుకంటే ఇంజెక్షనూ ఆపరేషనూ ఒకే రోగానికి చిన్న మందు పెద్ద మందు కాదు, జనం అలాగే అనుకుంటారు, ముందు సూది వేయించుకుందాం తగ్గకపోతే ఆపరేషన్ అని, బస్సు దొరక్కపోతే ఆటో అన్నట్టు. అసలు రెండూ చేసే పనులే వేరు. వయసు మీద పడ్డాక పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కులో నీరు తగ్గి చదునవుతుంది, వెనక పూసల్ని కలిపే ఫాసెట్ జాయింట్లు అరిగి లావెక్కుతాయి, లోపలి లిగమెంటు దళసరి అవుతుంది, ఈ మూడూ కలిసి నరాలు వెళ్ళే దారిని ఇరుకు చేస్తాయి, దాన్నే స్టెనోసిస్ అంటున్నారు. ఆ ఇరుకులో నరానికి రెండు బాధలు. ఒకటి నలిగిపోవడం, రెండోది ఆ నలుగుడుకి వాచి మండడం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఆ వాపు మీద, మంట మీద పనిచేస్తుంది. నలుగుడు మీద దానికి ఏ బలమూ లేదు, ఎముకని ఒక్క మిల్లీమీటరు కూడా జరపదు. మన దగ్గర నాలాలు చూశారుగా, 2020 అక్టోబర్ వానకి కాలనీలు మునిగినప్పుడు మోటార్లు పెట్టి నీళ్ళు తోడారు, ఇళ్ళు ఆరాయి, మంచిదే, కానీ నాలా ఎంత ఇరుకో అంతే ఉంది. తోడటం సూది పని, నాలా వెడల్పు చేయడం సర్జరీ పని. కొన్నిసార్లు తోడితే సరిపోతుంది, ఎందుకంటే ఆ వాన మళ్ళీ రాకపోవచ్చు. డిస్కు జారిన వాళ్ళ సంగతి అదే, అమ్మగారిది మాత్రం అది కాదు. ఈ తేడా దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు కాబట్టి కొంచెం సాగదీస్తా.

డిస్కు జారి నరం మీద పడిందనుకోండి, సాధారణంగా ముప్పై నలభై ఏళ్ళవాళ్ళకి, ఒక కాలు పిర్ర నుంచి పాదం దాకా లాగేస్తుంది, దగ్గితే షాక్ కొట్టినట్టు ఉంటుంది. ఈ బయటికి వచ్చిన ముక్కని ఒంట్లో ఉండే కణాలే నెమ్మదిగా తినేస్తాయి, వింతేంటంటే పెద్ద ముక్కలు ఇంకా బాగా కరుగుతాయి. అంటే ఇక్కడ టైమ్ మనవైపే ఉంది, ఆ కొన్ని నెలలు మనిషి నిద్రపోగలగాలి, పనికి పోగలగాలి, అంతవరకు సూది పట్టి ఉంచితే చాలు. 2000లో ఒక అమెరికన్ స్టడీ వచ్చింది, మా ఫీల్డులో అందరికీ తెలిసినదే, ఆపరేషన్ చేయించుకుంటామని వచ్చిన 55 మందికి ముందు నరం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి చూశారు, కొందరికి స్టెరాయిడ్ కలిపి, కొందరికి ఉత్త మొద్దుబార్చే మందు. స్టెరాయిడ్ తీసుకున్న 28 మందిలో 20 మంది ఆపరేషన్ మానేశారు, ఉత్త మందు తీసుకున్న 27 మందిలో 9 మందే మానేశారు. నెదర్లాండ్స్‌లో 2007లో 283 మంది మీద చేసిన దాంట్లో ఆరు నుంచి పన్నెండు వారాలుగా సయాటికా, అంటే ఇలా కాలు లాగే నొప్పి, ఉన్నవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి వెంటనే ఆపరేషన్, ఇంకో గుంపుని ఆగి చూద్దాం అన్నారు. ఆగినవాళ్ళలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్‌కి వచ్చారు, మిగతావాళ్ళకి అవసరమే పడలేదు, ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి నొప్పి త్వరగా పోయింది, అదే తేడా. బ్రిటన్‌లో సూదినీ, జారిన డిస్కు ముక్క తీసేసే ఆపరేషన్ మైక్రోడిసెక్టమీనీ నేరుగా పోల్చి 163 మంది మీద చేశారు, 2021లో వచ్చింది, 18 వారాల దగ్గర చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని ఎంతకాలమైనా ఆగొచ్చని కాదు, నాలుగు నెలలు దాటి ఏడాదిలోపు సయాటికాతో బాధపడుతున్న 128 మంది మీద కెనడాలో చేస్తే, 2020లో వచ్చింది అది, ఆరు నెలలకి కాలి నొప్పి విషయంలో సర్జరీయే ముందుంది. సో డిస్కు కేసుల్లో నేను ధైర్యంగా సూది ఇస్తా, మూడు నాలుగు నెలలు గట్టిగా చూసి కదలకపోతే నేనే సర్జన్ దగ్గరికి పంపిస్తా.

స్టెనోసిస్‌లో ఈ ధైర్యం నాకు లేదు. అక్కడ ఇరుకు చేసింది ఎముక, దళసరెక్కిన లిగమెంటు, వాటిని తినేసే కణాలేవీ లేవు, అవి కరగవు. 2014లో అమెరికాలో 400 మంది స్టెనోసిస్ పేషెంట్ల మీద, మా వాళ్ళందరికీ మింగుడుపడని స్టడీ ఒకటి చేశారు. సగం మందికి ఎపిడ్యూరల్‌లో స్టెరాయిడ్ ప్లస్ మొద్దుబార్చే మందు లిడోకెయిన్, సగం మందికి ఒట్టి లిడోకెయిన్. ఆరు వారాలకి చూస్తే రెండు గుంపులూ కొంత మెరుగయ్యాయి, కానీ కాలి నొప్పిలో గానీ పనులు చేసుకోవడంలో గానీ స్టెరాయిడ్ కలిపినందుకు లెక్కలోకి వచ్చే లాభం కనపడలేదు. ఇంజెక్షన్ ఇచ్చేవాణ్ణి నేనే చెప్తున్నా ఇది. అయినా ఇస్తానా అంటే ఇస్తా, ఎందుకంటే కొందరికి రెండు మూడు నెలలు నిజంగానే బాగుంటుంది, ఆపరేషన్‌కి గుండె తట్టుకోనివాళ్ళు ఉంటారు, ఇంట్లో పెళ్ళి ఉంది సారూ ఈ రెండు నెలలు గడవాలె అనేవాళ్ళు ఉంటారు. కానీ ఇదే వైద్యం, ఇంక మీకు ఆపరేషన్ అక్కర్లేదు అని స్టెనోసిస్ పేషెంటుకి చెప్పను, చెప్పేవాళ్ళని నమ్మొద్దంటా.

ఇంక సర్జరీ వైపు. స్పోర్ట్ అని అమెరికాలో పెద్ద స్టడీ ఉంది, స్టెనోసిస్ ఫలితాలు 2008లో వచ్చాయి. చీటీలు వేసినట్టు కొందరిని ఆపరేషన్‌కి, కొందరిని మామూలు వైద్యానికి కేటాయించారు, కానీ జనం మాట వినరుగా, రెండేళ్ళకి ఆపరేషన్ గుంపులో 67 శాతం మందే చేయించుకున్నారు, మామూలు వైద్యం గుంపులో 43 శాతం మంది వెళ్ళి చేయించుకున్నారు. అంత కలగాపులగం అయ్యాక లెక్క ఎవరికి కావాల్సినట్టు వాళ్ళు చదువుకున్నారు. నిజంగా ఆపరేషన్ అయినవాళ్ళని, కానివాళ్ళని పోలిస్తే అయినవాళ్ళు మూడు నెలలకే బాగున్నారు, రెండేళ్ళకీ ఆ తేడా ఉంది. ఇంకా ఏళ్ళు గడిచాక, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య, చీటీ వేసిన గుంపులో ఆ తేడా తగ్గుతూ వచ్చింది. వయసు ఆగదు కదా, కింద కెనాల్ తెరిస్తే పైన ఇంకో డిస్కు అరగడం మొదలవుతుంది. ఫిజియోథెరపీ వాళ్ళకి కూడా ఒక స్టడీ ఉంది, 2015లో వచ్చింది, 169 మంది, రెండేళ్ళకి ఆపరేషన్‌కీ ఫిజియోకీ దాదాపు సమానం అని తేలింది, మా ఫిజియో మిత్రులు ఇది గర్వంగా చూపిస్తారు, ఫిజియో గుంపులో 57 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కి వెళ్ళారన్న సంగతి మాత్రం మెల్లగా చెప్తారు.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే నా అనుభవంలోనూ అదే కనపడింది కాబట్టి. సర్జరీ బాగా పనిచేసేది కాళ్ళకి. నడవలేనివాడు నడుస్తాడు. నడుము నొప్పి ఒక్కటే ఉన్నవాళ్ళకి, కాళ్ళలో ఏమీ లేనివాళ్ళకి, ఎమ్మారైలో డిస్కు నల్లబడింది అని చెప్పి స్క్రూలు వేయడం చూస్తే మాత్రం నాకు మనసొప్పదు. అలాంటివాళ్ళు ఏడాది తర్వాత రెండు ఫైళ్ళు ఎక్కువ పట్టుకుని నా క్లినిక్‌కి వస్తారు.

రిపోర్టు సంగతి కూడా చెప్పాలి. మీరు ఎమ్మారై ఫోటోలు నాలుగు పంపారు, రిపోర్టులో ప్రతి లైను టైపు చేశారు, థీకల్ శాక్ ఇండెంటేషన్, డిఫ్యూజ్ బల్జ్, అన్నీ. నొప్పి లేనివాళ్ళ స్కాన్లన్నీ పోగేసి 2015లో ఒక సమీక్ష వేశారు, ఏ బాధా లేని ఇరవై ఏళ్ళ పిల్లల్లో 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనపడింది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి. బల్జ్, అంటే డిస్కు ఉబ్బడం, అయితే ఇరవైలోనే 30 శాతం మందికి ఉంది. ఉప్పల్ డిపోలో నిలబడి దొరికిన పెద్దవాళ్ళందరికీ స్కాన్ చేయిస్తే సగం మందికి పైగా మీ అమ్మగారి లాంటి మాటలే వస్తాయి, వాళ్ళు హాయిగా బస్సెక్కి పోతుంటారు. పైగా ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు, అమ్మగారికి బాధ నిలబడితే, నడిస్తే వస్తోంది.

ఇంత రాసి మీరు రాయనిది ఒకటుంది, ఆవిడ ఎంత దూరం నడవగలరో. స్టెనోసిస్‌లో నేను ముందు అడిగేది అదే. "సారూ, జర దూరం నడ్వంగనే పిక్కలు గుంజుకొస్తయ్, కాళ్ళు మొద్దువారతయ్, ఏడనన్న కూసుంటే మల్ల మంచిగైతది" అని ఒక్క మాట చెప్తే సగం డయాగ్నసిస్ అయిపోయినట్టే. ముందుకు వంగితే కెనాల్ కాస్త తెరుచుకుంటుంది, అందుకే వీళ్ళు డీమార్ట్‌లో ట్రాలీ మీద వాలి గంటసేపు తిరుగుతారు, అదే మనిషి బయట ఖాళీ చేతులతో వంద అడుగులు వేయలేడు, సైకిల్ తొక్కమంటే తొక్కుతాడు, మెట్లు ఎక్కుతాడు గానీ దిగేటప్పుడు బాధ. నా దగ్గరికి ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన ఒకాయన వచ్చేవాడు, ఇంటి నుంచి గుడికి వెళ్ళే దారిలో ఎన్ని అరుగులుంటే అన్ని అరుగుల మీద కూర్చుని వెళ్ళేవాడట. రెండు ఇంజెక్షన్లు ఇచ్చా ఆయనకి, మొదటిది పది వారాలు, రెండోది నాలుగు వారాలు పనిచేసింది, మూడోది అడిగితే ఇవ్వలేదు, సర్జన్ దగ్గరికి పంపా, స్క్రూలు లేకుండా ఉత్తి డీకంప్రెషన్, అంటే నరాల మీద ఒత్తిడి తీయడం ఒక్కటే, చేశారు, అరుగులు మానేశాడు. నడుము మాత్రం పొద్దున్నే పట్టేసినట్టే ఉంటుందని ఇప్పటికీ అంటాడు, ఉంటుంది మరి, అది ఆపరేషన్ తీసే నొప్పి కాదు.

షుగర్ ఉంది కాబట్టి ఇంకో మెలిక. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, కానీ అది రెండు పాదాలకీ సాక్స్ తొడిగినట్టు ఉంటుంది, రాత్రి పడుకున్నప్పుడు ఎక్కువ, అరికాళ్ళు మంటలు, కూర్చుంటే తగ్గడం అనేది ఉండదు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతుంటే బీ12 విటమిన్ పడిపోయి కూడా అలా అవుతుంది, ఆ టెస్టు చేయించండి. కాళ్ళలో రక్తనాళాలు మూసుకుపోయినా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, కానీ వాళ్ళకి నిలబడితేనే తగ్గిపోతుంది, కూర్చోనక్కర్లేదు, వంగనక్కర్లేదు, పాదం మీద నాడి చేత్తో పట్టి చూస్తే అనుమానం వస్తుంది. ఇవేమీ చూడకుండా కెనాల్ తెరిస్తే ఆపరేషన్ సక్సెస్ అంటారు, తిమ్మిర్లు అలాగే ఉంటాయి. మీరు చూపించిన ఇద్దరిలో ఎవరైనా అమ్మగారి పాదాల నాడి పట్టుకున్నారా గుర్తు తెచ్చుకోండి.

ఆగకూడనివి కొన్ని ఉన్నాయి, వీటిలో ఏది వచ్చినా సూదా ఆపరేషనా అని కూర్చుని మాట్లాడుకోకండి. మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, మలం మీద అదుపు తప్పడం, కూర్చునే చోట జీను ఆనే భాగమంతా మొద్దుబారడం, పాదం పైకి లేవకుండా చెప్పు జారిపోవడం. అర్ధరాత్రి అయినా సరే న్యూరోసర్జన్ ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళిపోవాలి, ఇక్కడ గంటలు లెక్క. ఇలాంటివాళ్ళకి ముందు ఒక సూది వేసి చూద్దాం అన్నవాడు ఎంత పెద్ద డాక్టరైనా తప్పు చేస్తున్నట్టే.

మేనమామగారి భయం గురించి. మనిషికి అసలు వెన్నుపాము నడుము పైభాగంలో, ఎల్1-ఎల్2 దగ్గరే ఆగిపోతుంది. కింద ఎల్4-ఎల్5 దగ్గర ఉండేది గుర్రం తోకలాగా విడివిడి నరాలు. అక్కడ పొరపాటు జరిగితే ఒక నరం దెబ్బతిని పాదం బలహీనపడటం లాంటివి జరగొచ్చు, అది చిన్నదేం కాదు, కానీ జనం అనుకునే రెండు కాళ్ళూ పడిపోయి మంచాన పడటం అక్కడ చాలా అరుదు. థియేటర్లో నేను నిజంగా ఎక్కువ చూసినవి వేరే, నరాల చుట్టూ ఉండే పొర చిరిగి నీరు కారడం, షుగర్ ఉన్నవాళ్ళకి గాయం చీము పట్టడం, ఎముక గుల్లబారిన ఆడవాళ్ళకి స్క్రూలు వదులవడం. ఇవి ముందే తగ్గించుకోవచ్చు. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, కంట్రోల్‌లోకి తెచ్చాకే తేదీ వేయించుకోండి, 64 ఏళ్ళ ఆడమనిషికి స్క్రూలు అన్నారంటే ఎముక బలం చూసే డెక్సా స్కాన్ అడగండి, ఎముక బలం తెలియకుండా స్క్రూ వేయడమంటే గోడ పచ్చిదో ఎండిందో చూడకుండా మేకు కొట్టడమే.

ఇక అసలు స్క్రూలు కావాలా అన్నది సూది సర్జరీ కంటే పెద్ద ప్రశ్న, మీరు అది అడగలేదు. రెండో డాక్టరుగారు చెప్పింది ఒక ఆపరేషన్ కాదు, రెండు కలిపి చెప్పారు. నరాల మీద ఒత్తిడి తీయడం ఒకటి, పూసలు రెండూ అతికేలా స్క్రూలు రాడ్లు వేయడం రెండోది. గ్రేడ్ 1 అంటే పూస పావు వంతు లోపే జరిగిందని, ఎల్4-ఎల్5 దగ్గర యాభై దాటిన ఆడవాళ్ళలో ఇది మామూలే. స్వీడన్‌లో 247 మంది స్టెనోసిస్ పేషెంట్లలో, అందులో 135 మందికి అమ్మగారి లాగే పూస జరిగింది కూడా, ఒత్తిడి మాత్రమే తీసినవాళ్ళని, దానికి స్క్రూలు కలిపినవాళ్ళని పోల్చారు, 2016లో వచ్చింది, రెండేళ్ళకి స్క్రూలవాళ్ళు ఏమీ మెరుగ్గా లేరు, ఐదేళ్ళకీ అంతే. అదే ఏడాది అమెరికాలో 66 మంది మీద చేసిన చిన్నదాంట్లో మాత్రం స్క్రూలవాళ్ళు కాస్త ముందున్నారు, మళ్ళీ ఆపరేషన్ అవసరం కూడా తక్కువ పడింది. తర్వాత 2021లో నార్వే వాళ్ళు పూస జరిగినవాళ్ళు 267 మందిని తీసుకుని చేస్తే ఉత్తి డీకంప్రెషన్ ఏ మాత్రం తీసిపోలేదని తేలింది. ఇంతమాత్రాన స్క్రూలు వేసే ప్రతి సర్జన్ తప్పని కాదు, పూస కదులుతుంటే, ముందుకు వంగినప్పుడు జరిగి వెనక్కి వంగినప్పుడు లోపలికి వస్తుంటే, వేయాల్సి రావచ్చు. అది తెలిసేది నిలబెట్టి, ముందుకు వంచి, వెనక్కి వంచి తీసే మామూలు ఎక్స్‌రేలో. మీరు పంపిన వాటిలో ఎమ్మారైలు తప్ప ఆ ఎక్స్‌రే లేదు. ఆ ఎక్స్‌రే తీయించాక అదే డాక్టరుగారిని అడగండి, సార్ పూస ఎంత కదులుతోంది, స్క్రూలు లేకుండా చేస్తే మా అమ్మ విషయంలో ఏమవుతుందని మీ భయం అని. మంచి సర్జన్ అయితే ఈ ప్రశ్నకి కోప్పడడు, ఫిల్మ్ లైటు మీద పెట్టి గీత గీసి చూపిస్తాడు.

ఇంజెక్షన్‌కే వెళ్దాం అనుకుంటే కొన్ని. సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మెషీన్ కింద, డై వేసి మందు ఎటు పోతోందో తెర మీద చూస్తూ ఇవ్వాలి. క్లినిక్‌లో బల్ల మీద కూర్చోబెట్టి చేత్తో తడిమి ఇచ్చేస్తాం అంటే లేచి వచ్చేయండి. బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెడతారు, చర్మం మొద్దుబారుస్తారు, పని పావుగంట ఇరవై నిమిషాలు, ఒకట్రెండు గంటలు పడుకోబెట్టి పంపించేస్తారు, ఆ రోజు కాళ్ళు కాస్త బరువుగా తూలినట్టు ఉంటాయి కాబట్టి ఇంట్లో మెట్ల దగ్గర ఎవరైనా పట్టుకోవాలి. స్టెరాయిడ్‌తో షుగర్ కొన్ని రోజులు పైకి పోతుంది, మా దగ్గర 300 దాటి ఫోన్ చేసినవాళ్ళున్నారు, అందుకని ముందే షుగర్ డాక్టర్‌కి చెప్పి ఆ వారం గ్లూకోమీటర్‌తో రోజూ చూసుకోవాలి. క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు, గుండె డాక్టర్ సరేనంటేనే. 2014లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ వాళ్ళు ఈ ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ల వల్ల అరుదుగా చూపు పోవడం, పక్షవాతం లాంటివి జరిగాయని హెచ్చరిక వేశారు, అరుదే కానీ సంతకం పెట్టే ముందు మీకు ఎవరైనా చెప్పాల్సిన మాట అది.

సూది వేసిన రోజు సాయంత్రం ఏం జరిగిందో రాసి పెట్టుకోండి, ఇది చాలామంది చేయరు. మొదటి కొన్ని గంటలు పనిచేసేది స్టెరాయిడ్ కాదు, మొద్దుబార్చే మందు. ఆ గంటల్లో కాలి నొప్పి మాయమైతే బాధ ఆ నరం నుంచే వస్తోందని రుజువు, తర్వాత తిరగబెట్టినా సరే ఆ సమాచారం సర్జన్‌కి బంగారం. ఆ గంటల్లో కూడా ఏ మార్పూ లేకపోతే మనం తప్పు తలుపు కొడుతున్నామేమో ఆలోచించాలి. మూడు సూదుల ప్యాకేజీ అని అమ్మేవాళ్ళున్నారు, మొదటిది పనిచేసిందో లేదో చూడకుండా రెండోదానికి డబ్బు కట్టించుకోవడం వ్యాపారం. ఇంకా హోర్డింగుల మీద ఒక్క సూదితో డిస్కు మాయం, లేజర్, స్టెమ్ సెల్ అని ఉంటాయి, వాటి జోలికి పోకండి, డబ్బు మిగుల్తుంది. సిజేరియన్ అప్పుడు వెన్నులో సూది ఇచ్చారు, అప్పట్నుంచే ఈ నొప్పి అని అమ్మగారు అంటున్నారని రాశారు, ఈ మాట నేను రోజుకి రెండుసార్లు వింటా, మత్తు డాక్టర్ల మీద మన రాష్ట్రమంతా వేసిన నింద అది. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉంటుంది, ఎప్పుడో ఇచ్చిన ఆ సన్న సూది ముప్పై ఏళ్ళ తర్వాత పూసని జరపదు.

ముఖ్యమైనది ఇంకోటి, ఆపరేషన్ దాదాపు ఖాయం అనుకుంటుంటే మధ్యలో సూది వేయించుకోకండి. స్టెరాయిడ్ వేసిన కొద్ది వారాలకే అదే చోట ఆపరేషన్ చేస్తే ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది, చాలామంది సర్జన్లు మూడు నెలలు ఆగమంటారు. సరదాగా ఒక సూది ట్రై చేద్దాం అని వేయించుకుని ఆ తర్వాత నడవలేక మూడు నెలలు ఎదురుచూసినవాళ్ళున్నారు.

డబ్బు విషయం, సూది వేలల్లో, స్క్రూల ఆపరేషన్ లక్షల్లో. ఇన్సూరెన్స్ ఉంటే సూదిని డే-కేర్ కింద ఒప్పుకుంటారో లేదో ముందే హాస్పిటల్‌లో ఇన్సూరెన్స్ పనులు చూసే టీపీఏ డెస్క్ దగ్గర కనుక్కోండి, ఇరవై నాలుగు గంటలు అడ్మిట్ కాలేదని తర్వాత కొర్రీ వేస్తారు. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్ నుంచి పది లక్షలు అయింది, మీరు అనుకుంటున్న ఆపరేషన్ అందులో వస్తుందా అని ఆ హాస్పిటల్‌లో ఉండే ఆరోగ్యమిత్రని అడగండి. మూడో అభిప్రాయం కావాలంటే పంజాగుట్టలో ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్ ఓపీకి పొద్దున్నే వెళ్ళండి, క్యూ ఉంటుంది, టిఫిన్ కట్టుకుని వెళ్ళాలి, కానీ అక్కడ మీకు స్క్రూలు అమ్మాల్సిన అవసరం ఎవరికీ లేదు.

మీ అమ్మగారు నా పేషెంటైతే, పాదంలో బలం బాగుండి, మూత్రం ఇబ్బంది లేకపోతే, ఆరు వారాలు ఫిజియో చేయిస్తా, వెనక్కి వంచేవి కాదు, మోకాళ్ళు పొట్టకి లాక్కునేవి, ఇంట్లో పెట్టుకునే సైకిల్ తొక్కడం. నరాల నొప్పి మాత్ర ప్రీగాబాలిన్ ఇస్తే చిన్న డోసుతోనే, ఈ వయసులో తూలి బాత్రూంలో పడితే నడుము నొప్పి పోయి తుంటి ఎముక విరుగుతుంది. అప్పటికీ పది నిమిషాలు నడవలేకపోతే, ఒక్క ఇంజెక్షన్ గురించి మాట్లాడతా, ఎన్ని వారాలు పనిచేసిందో చూస్తా. మూడు నాలుగు నెలలు హాయిగా ఉంటే అవసరమైనప్పుడు ఇంకోటి, ఏడాదికి మూడు దాటకుండా. నాలుగు వారాల్లోనే తిరగబెడితే నేనే ఫోన్ చేసి సర్జన్‌తో మాట్లాడి పంపిస్తా, అప్పుడు ఆలస్యం చేయడం వల్ల ఆవిడకి ఒరిగేదేం లేదు, కాళ్ళ కండ కరిగిపోయాక చేస్తే లాభం తగ్గుతుంది.

ఇదంతా ఆవిడ ఎంత నడుస్తారో తెలిశాక మాట. రేపు పొద్దున మీ వీధిలో ఆవిడ పక్కన నడవండి, ఫోన్‌లో టైమ్ పెట్టుకుని, ముందు నడవొద్దు, తొందరపెట్టొద్దు. ఎన్ని నిమిషాలకి ఆగారు, ఆగినప్పుడు ఏ కాలు, పిక్కా పాదమా, నిలబడితే తగ్గిందా కూర్చోవాల్సి వచ్చిందా, కూర్చున్న ఎంతసేపటికి లేచారు. మూడు రోజులు ఇలా చూసి, ఆ వంగి తీసే ఎక్స్‌రే, బీ12, హెచ్‌బీఏ1సీ నంబర్లు వచ్చాక రాయండి. ఇంకోటి, ఆవిడకి తిరిగి ఏం చేయగలగాలని ఉందో కూడా అడిగి రాయండి, మీరు రాసిన అంత పొడుగు ప్రశ్నలో మీ మాట, మేనమామ మాట, ఇద్దరు డాక్టర్ల మాట ఉంది, ఆవిడ మాట ఆ సిజేరియన్ సూది గురించి ఒక్కటే ఉంది.